ఏ దేశానికి ఏ డిజిటల్ టీవీ? బ్రెజిల్ కథతో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ ఇంజనీర్లు కానివాళ్ళు అడిగే ప్రశ్నలు. ఇంజనీర్లు అడిగేవి వేరే ఉంటాయి, వాటికి ఓపికా ఉండాలి, లెక్కలూ రావాలి. ఇక్కడ రాసినదంతా డాబా మీదో టీవీ మీదో యాంటెనా పెట్టుకుని, నెలకి పైసా కట్టకుండా టీవీ చూసేవాళ్ళ సంగతి. కేబులూ డిష్షూ వేరే కథ, దాని గురించి కింద కొంచెం ఉంది.

స్టాండర్డ్ అంటే ఏంటి? మంచి టీవీ కొనుక్కుంటే పనైపోదా?

పనైపోదు. టవర్ పంపే సిగ్నల్ ఏ పద్ధతిలో ఉంటుందో టీవీకి ముందే తెలిసుండాలి, లేకపోతే లక్ష రూపాయల టీవీ అయినా గోడకి వేలాడే నల్ల పలకే. మా పెద్దమ్మ కొడుకు 2012లో డల్లాస్ నుంచి వస్తూ, దుప్పట్ల మధ్య చుట్టి ఓ టీవీ తెచ్చాడు. కరెంటు తేడా కోసం ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు. తీరా కేబుల్ వైరు గుచ్చితే బొమ్మ పైకి జారిపోతూ ఉంది, రంగు లేదు, మాట లేదు. అప్పటికి మన కేబుల్ ఇంకా పాల్ అనే పాత పద్ధతిలోనే వచ్చేది, ఆ టీవీకేమో అమెరికా ఎన్‌టీఎస్‌సీ, ఏటీఎస్‌సీ తప్ప ఇంకోటి తెలీదు. రెండేళ్ళు దాని మీద లేసు గుడ్డ కప్పి ఉంచారు. తర్వాతెప్పుడో హెచ్‌డీ డబ్బా (సెట్‌టాప్ బాక్స్) పెట్టించి హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే మహారాజులా పనిచేసింది. టీవీలో లోపం ఎప్పుడూ లేదు, గాల్లో వచ్చేదానికీ లోపలున్న ట్యూనర్‌కీ పొసగలేదు, అంతే. ఒక ఇంట్లో ఇది నవ్వుకునే సంగతి. దేశం మొత్తానికి జరిగితే కోట్ల ఇళ్ళ సంగతి.

మొత్తం ఎన్ని స్టాండర్డ్‌లు ఉన్నాయి?

పెద్దవి నాలుగు. అమెరికాది ఏటీఎస్‌సీ, 1996 డిసెంబరులో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదించింది. యూరప్‌ది డీవీబీ-టీ, 1998లో బ్రిటన్‌లో మొదలైంది. జపాన్‌ది ఐఎస్‌డీబీ-టీ, 2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయాల్లో ప్రసారం మొదలుపెట్టారు. చైనాది డీటీఎంబీ, 2006లో ఖరారైంది. వీటికి రెండో తరాలు కూడా వచ్చాయి: డీవీబీ-టీ2, ఏటీఎస్‌సీ 3.0. పేర్లు చూసి కంగారుపడకండి, ఇక్కడ అమెరికాది, యూరప్‌ది, జపాన్‌ది అనే రాస్తాను.

బ్రెజిల్ కథే ఎందుకు?

ఎందుకంటే మిగతా దేశాలు చాలావరకు ఎవరో ఒక పెద్ద దేశం చేతిలో పెట్టింది తీసుకున్నాయి. బ్రెజిల్ మాత్రం మూడింటినీ తెచ్చి తన ఊళ్ళో, తన ఇళ్ళలో పెట్టి చూసింది, ముగ్గురితోనూ బేరమాడింది, ఆడి ఆడి ఏళ్ళు గడిపింది, చివరికి ఒకటి తీసుకుని దానికి తన ముక్క తగిలించింది. మంచీ చెడ్డా రెండూ అందులోనే కనిపిస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ విషయంలో బ్రెజిల్ ఒకసారి చెయ్యి కాల్చుకున్న దేశం. 1972లో కలర్ టీవీ మొదలైనప్పుడు యూరప్ రంగు పద్ధతినీ అమెరికా గీతల లెక్కనీ కలిపి పాల్-ఎం అని తనకంటూ ఒకటి పెట్టుకుంది. దాంతో బయటి టీవీ అక్కడ సరిగ్గా ఆడదు, అక్కడి టీవీ బయట ఆడదు. సొంత ఫ్యాక్టరీలకి అదో గోడలా పనికొచ్చిందనేవాళ్ళూ ఉన్నారు, అదీ అబద్ధం కాదు. కానీ గోడ కట్టుకుంటే లోపలివాళ్ళకే సరుకు ఖరీదవుతుంది.

పరీక్షల్లో ఏం తేలింది?

1999, 2000 సంవత్సరాల్లో అక్కడి టీవీ ప్రసార సంస్థల సంఘాలూ మెకంజీ విశ్వవిద్యాలయమూ కలిసి సావో పాలోలో మూడు పద్ధతులనీ పరీక్షించాయి. పైకప్పు యాంటెనాతోనే కాదు, గదిలో టీవీ మీద పెట్టుకునే చిన్న యాంటెనాతో కూడా చూశారు. అదే అసలు పరీక్ష. సావో పాలో అంటే కిక్కిరిసిన అపార్టుమెంట్లు, అందులో మామూలు కుటుంబాలు, గోడ మీద కొమ్ముల యాంటెనా. ఆ పరిస్థితిలో అమెరికా పద్ధతి బాగా వెనకబడింది, జపాన్‌ది అన్నిటికంటే బాగా నిలబడింది, యూరప్‌ది మధ్యలో.

అమెరికాది చెత్త అని దీనర్థం కాదు. విశాలమైన మైదానాల్లో, ఇంటిమీద మంచి యాంటెనా ఉన్నచోట, తక్కువ పవర్‌తో దూరం వెళ్ళడంలో దానికి పేరుంది. తర్వాతి తరం చిప్‌లు చాలా మెరుగయ్యాయి కూడా. కానీ పరీక్షకి వచ్చినవి ఆ రోజుల చిప్‌లు, పరీక్ష పెట్టింది సావో పాలోలో. అమెరికా పల్లెలో నెగ్గింది సావో పాలో మూడో అంతస్తులో నెగ్గాలని ఎక్కడా లేదు.

గదిలో యాంటెనా పెడితే అంత కష్టమేంటి?

గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో మా ఇంటి వెనక కొత్తగా నీళ్ళ ట్యాంకు కట్టారు. ఆ మర్నాటి నుంచి వార్తలు చదివే ఆవిడ పక్కన ఇంకో పల్చటి ఆవిడ కూర్చుని అవే వార్తలు చదివేది. టవర్ నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ ఒకటి, ట్యాంకుకి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చింది రెండోది. మేం డబుల్ బొమ్మ అనేవాళ్ళం. అనలాగ్‌లో, అంటే డిజిటల్‌కి ముందున్న పాత ప్రసారంలో, డబుల్ బొమ్మతోనే సినిమా చూసేయొచ్చు, చూశాం కూడా. డిజిటల్‌లో అలా కుదరదు: వస్తే అద్దంలా వస్తుంది, ఓ గీత దాటి పాడైతే గడులు గడులుగా విరిగి మొత్తం పోతుంది.

యూరప్, జపాన్ పద్ధతులు దీన్ని ఎలా తట్టుకుంటాయంటే, కల్యాణ మండపంలో మైకు గుర్తుచేసుకోండి. గబగబా మాట్లాడేవాడి మాట గోడకి కొట్టి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది, ఏదీ అర్థం కాదు. నిదానంగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ మాట్లాడే పెద్దాయన మాట చివరి వరుసకీ తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఖాళీలో ప్రతిధ్వని చచ్చిపోతుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ సమాచారాన్ని వేల సన్నటి పాయలుగా చీల్చి, ఒక్కో పాయలో నిదానంగా, మధ్యలో ఖాళీ ఇస్తూ పంపుతారు. అమెరికా మొదటి తరం పద్ధతిలో ఒకే పెద్ద పాయ, వేగంగా పోతుంది. తిరిగొచ్చిన సిగ్నల్‌ని విడదీసే పనంతా టీవీలో ఉన్న చిప్ మీద పడుతుంది.

మరి యూరప్‌ది ఎందుకు తీసుకోలేదు? ప్రపంచంలో ఎక్కువ దేశాలు అదే కదా?

ఇక్కడే ఇంజనీర్ల మాట అయిపోయి యజమానుల మాట మొదలవుతుంది.

జపాన్ పద్ధతిలో ఒక చానెల్ వెడల్పుని 13 మడులుగా కడతారు. వరి చేనులాగే, ఒక్కో మడికి ఎంత నీళ్ళు పెట్టాలో వేరువేరుగా చూసుకోవచ్చు. నడిమి మడి ఒక్కటీ ఫోన్లకి వదిలి, దాంట్లో బొమ్మ చిన్నదైనా బస్సులో వెళ్తున్నా తెగకుండా పంపొచ్చు, మిగతా 12 మడుల్లో ఇంటి టీవీకి హెచ్‌డీ పంపొచ్చు. ఒకే టవర్, ఒకే చానెల్. ఫోన్‌లో టీవీ చూడటానికి మధ్యలో ఫోన్ కంపెనీ అక్కర్లేదు. యూరప్ అప్పట్లో చూపించిన దారిలో ఫోన్ టీవీకి వేరే నెట్‌వర్కు కావాలి, అందులో ఫోన్ కంపెనీలు వాటాకి వస్తాయి. బ్రెజిల్ టీవీ యజమానులకి ఆ మాటే గిట్టదు. అప్పటి సమాచార శాఖ మంత్రి ఎలియో కోస్తా కూడా రాజకీయాల్లోకి రాకముందు అక్కడి అతిపెద్ద టీవీ సంస్థ గ్లోబోలో విలేకరి. జపాన్ వైపు మొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం పెద్ద కష్టం కాదు.

నిజం చెప్పాలంటే ఇక్కడ ప్రజాసంఘాలవాళ్ళు అన్న మాటలోనూ న్యాయం ఉంది. ఒక చానెల్ వెడల్పులో నాలుగు మామూలు చానెళ్ళు పెట్టొచ్చు, కొత్తవాళ్ళకి చోటివ్వొచ్చు, మొత్తం ఒకే హెచ్‌డీకి పోసేస్తే పాతవాళ్ళ రాజ్యం అలాగే ఉంటుంది కదా అన్నారు. జపాన్ పద్ధతిలో అది కుదరదని కాదు, శుభ్రంగా కుదురుతుంది. యజమానులకి ఇష్టం లేదు, అంతే. స్టాండర్డ్ మీద జరిగే సగం గొడవలు ఇలా స్టాండర్డ్ మీదవి కానే కావు.

సొంతంగా ఒకటి తయారుచేసుకోవచ్చుగా?

ఆ ఆలోచన గట్టిగానే జరిగింది. 2003 నవంబరులో అధ్యక్షుడు లూలా ప్రభుత్వం బ్రెజిల్ డిజిటల్ టీవీ వ్యవస్థ అని ఒక డిక్రీ (సర్కారు ఉత్తర్వు) తెచ్చి, విశ్వవిద్యాలయాలకి పని అప్పగించింది. గాల్లో సిగ్నల్ పంపే పద్ధతిని మొదటి నుంచి సొంతంగా కట్టడమంటే చిప్‌ల దగ్గర్నుంచి కట్టాలి, ఆ చిప్ ప్రపంచంలో ఇంకెవరూ కొనరు, అప్పుడు పాల్-ఎం కథే మళ్ళీ. చివరికి 2006 జూన్ 29న వచ్చిన డిక్రీలో మధ్యేమార్గం కనిపిస్తుంది: సిగ్నల్ పద్ధతి జపాన్‌ది, బొమ్మని కుదించే పద్ధతి అప్పటికి కొత్తదైన హెచ్.264, టీవీలో అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ సొంతది. దాని పేరు గింగా. రియోలోని కాథలిక్ విశ్వవిద్యాలయం, పరైబా ఫెడరల్ విశ్వవిద్యాలయం కలిసి చేశాయి. 2007 డిసెంబరు 2న సావో పాలోలో ప్రసారం మొదలైంది.

నా లెక్కలో ఇందులో అన్నిటికంటే తెలివైన పని హెచ్.264. జపాన్ 2003లో మొదలెట్టింది కాబట్టి పాత ఎంపెగ్-2తో ఇరుక్కుంది. ఆలస్యంగా వచ్చిన బ్రెజిల్ ఇంచుమించు సగం చోటులో అదే బొమ్మ పట్టించేసుకుంది. టవర్ నుంచి వచ్చే పద్ధతి వేరు, బొమ్మని మూటకట్టే పద్ధతి వేరు, రెండిట్నీ ఒకే దుకాణంలో కొనక్కర్లేదు అని ఈ దేశం చూపించింది.

గింగా వల్ల ఏమైనా ఒరిగిందా?

పేరొచ్చింది. 2009లో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ దాన్ని హెచ్.761 పేరుతో సిఫారసుగా తీసుకుంది, చిన్న విషయం కాదు. టీవీ రిమోట్‌తోనే ప్రభుత్వ పథకాలు చూసుకోవచ్చు, ఇంటర్నెట్ లేని ఇల్లు కూడా కొంత అందుకుంటుంది అన్నారు. ఆచరణలో జనం చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చేసింది. రిమోట్ మీద బాణం గుర్తులు నొక్కి నొక్కి ఒక పేజీ తెరవడం ఎవరికి ఓపిక చెప్పండి.

రాయల్టీ మాఫీ చేస్తామంటే ఒప్పేసుకోవచ్చా?

జపాన్ తన సిగ్నల్ పద్ధతి మీద రాయల్టీ వదులుకుంటానంది, అది బేరంలో పనిచేసింది. కానీ డబ్బాలో ఉన్నది ఒక్క పేటెంటు కాదు, బొమ్మకి ఒకరికి, శబ్దానికి ఒకరికి కట్టాలి. దానికంటే పెద్ద ఎర చిప్ ఫ్యాక్టరీ. మా పద్ధతి తీసుకుంటే మీ దేశంలో సెమీకండక్టర్ ఫ్యాక్టరీ గురించి చూద్దాం అన్న మాట మీద అక్కడ చాలా ఆశలు పెట్టుకున్నారు. ఆశించినట్టు రాలేదు. "చూద్దాం" అన్న మాటకి పెళ్ళిచూపుల్లో ఎంత విలువో ఇక్కడా అంతే.

ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవచ్చా?

డబ్బాలు ఇళ్ళలోకి వెళ్ళకముందైతే మార్చుకోవచ్చు. ఉరుగ్వే 2007లో యూరప్ పద్ధతి అంది, ఇటు బ్రెజిల్ అటు అర్జెంటీనా రెండూ జపాన్ వైపు వెళ్ళిపోయేసరికి 2010 డిసెంబరులో తనూ మారింది. తైవాన్ మొదట అమెరికాది అంది, టీవీ సంస్థలే పరీక్షించి గొడవపెట్టేసరికి 2001లో యూరప్‌ది తీసుకుంది. కాగితం మీద ఉన్నంతసేపూ ఇవి సులువు.

కొలంబియాకి కాస్త చేదు. 2008లో డీవీబీ-టీ ఎంచుకుంది, మరుసటి ఏడాదే దాని రెండో తరం ఖరారైంది, 2011లో టీ2కి మారింది. కెన్యా కూడా 2009లో టీతో మొదలుపెట్టి టీ2కి వెళ్ళింది. టీ2 డబ్బా టీ సిగ్నల్‌ని చూపించగలదు, టీ డబ్బాకి టీ2 అర్థం కాదు. మొదట కొన్నవాడే మోసపోతాడన్నమాట. సర్కారు మాట నమ్మి ముందుగా వెళ్ళి కొన్నందుకు ఆ బహుమానం.

అయితే ఆగడమే మంచిదా?

కొంతకాలం వరకు. టీ2 తేడా ఏమంత చిన్నది కాదు: బ్రిటన్‌లో ఒక చానెల్ వెడల్పులో టీతో సెకనుకి సుమారు 24 మెగాబిట్లు పట్టేవి, టీ2తో 40 పట్టాయి. 2010 తర్వాత ఎంచుకున్న ఆఫ్రికా దేశాలు చాలావరకు నేరుగా టీ2కి వెళ్ళడం వాళ్ళ అదృష్టం. కానీ "ఇంకో ఏడాది ఆగితే ఇంకా మంచిది వస్తుంది" అనేది ఫోన్ కొనేవాళ్ళందరికీ తెలిసిన జబ్బు, దానికి అంతుండదు.

దక్షిణాఫ్రికానే చూడండి. 2006 ప్రాంతంలో డీవీబీ-టీ అంది, 2010లో జపాన్ పద్ధతి చూద్దామా అని వెనక్కి తిరిగింది, 2011 జనవరిలో టీ2 అంది. ఆపైన డబ్బాకి తాళం, అంటే ఆ డబ్బాలో తప్ప చానెల్ తెరుచుకోకుండా చేసే ఏర్పాటు, ఉండాలా వద్దా అని గొడవ మొదలై 2017లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా పోయింది. అనలాగ్ ఆపే తేదీ వాయిదా మీద వాయిదా. ఐటీయూ జెనీవా ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతం దేశాలకి గడువు 2015 జూన్ 17. అది వచ్చింది, పోయింది. ఇలాంటి ఆలస్యంలో పైకి కనిపించని ఖర్చొకటి ఉంటుంది: టవర్లు రెండు పద్ధతుల్లోనూ నడపాలి, రెండు కరెంటు బిల్లులు కట్టాలి.

పక్క దేశం ఏది తీసుకుంటే మనమూ అదేనా?

చిన్న దేశమైతే దాదాపు అంతే. జనాభా 20 కోట్లున్న బ్రెజిల్ తనకోసం చిప్ చేయించుకోగలదు, పైగా పెరూ, అర్జెంటీనా, చిలీలని 2009లోనే తన వెంట లాక్కుంది కాబట్టి మార్కెట్ పెద్దదైంది. బోట్స్వానా 2013లో జపాన్ పద్ధతి తీసుకుంది, చుట్టూ ఉన్నవాళ్ళంతా టీ2. పాతిక లక్షల మందికి కూడా తక్కువున్న దేశం అప్పటికి. సరిహద్దు ఊళ్ళో దుకాణంవాడు ఏ డబ్బా తెచ్చి పెట్టుకోవాలి? పక్క దేశం నుంచి లారీలో వచ్చేది ఇక్కడ ఆడదు. స్టాండర్డ్ మంచిదే అయినా డబ్బా దొరకాలిగా.

ఒకటి రెండు సందర్భాల్లో పక్కవాళ్ళని కాదనడానికి సరైన కారణం ఉంటుంది. ఫిలిప్పీన్స్ 2010లో జపాన్‌ది ఎంచుకుంది, తర్వాత యూరప్ టీ2 చూపించినా 2013లో మళ్ళీ జపాన్‌దే అంది. భూకంపం, తుపాను వచ్చినప్పుడు సిగ్నల్‌లోనే హెచ్చరిక పంపి, ఆ సదుపాయం ఉన్న టీవీని నిద్రలో నుంచి లేపే ఏర్పాటు జపాన్ పద్ధతిలో మొదటి నుంచీ ఉంది. రోజూ భూమి కదిలే దేశాలకి అది అలంకారం కాదు.

చైనాది ఎవరైనా తీసుకున్నారా?

తీసుకున్నారు. హాంకాంగ్, మకావు సరే, క్యూబా, లావోస్ కూడా. సాంకేతికంగా వంక పెట్టేదేం లేదు, అప్పూ పరికరాలూ ఒకే చేత్తో వస్తే దాంతోపాటు స్టాండర్డ్ కూడా వస్తుంది.

డబ్బా ఎవరు కొనాలి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇదే చదవండి. మంత్రులు ఎంచుకునేది స్టాండర్డ్, పేదింటికి చేరేది డబ్బా. అనలాగ్ ఆపిన రోజున ఆ డబ్బా లేని ఇంట్లో టీవీ చచ్చిపోతుంది, ఆ ఇంటివాళ్ళకి వాయిదాలూ మడులూ ఏవీ తెలీవు, నిన్నటిదాకా వచ్చింది ఇవాళ రావట్లేదు అన్నదొక్కటే తెలుసు.

మెక్సికో 2013 మే నెలాఖరున టిహువానాలో అనలాగ్ ఆపింది. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, డబ్బాలు అందని ఇళ్ళు చాలా ఉన్నాయి, గోల మొదలైంది. కొద్ది రోజుల్లోనే మళ్ళీ అనలాగ్ వదిలారు, ఎన్నికలయ్యాక జూలైలో తిరిగి ఆపారు. తర్వాత డబ్బాలు కాదు, పేద కుటుంబాలకి ఏకంగా డిజిటల్ టీవీలే పంచుతూ పోయి 2015 చివర్లో దేశమంతా ఆపేశారు. కోటి దాకా టీవీలు. టీవీలు పంచడమంటే మన తమిళనాడు గుర్తొస్తే తప్పు మీది కాదు.

కెన్యాలో ఇంకో రకం. 2015 ఫిబ్రవరిలో అనలాగ్ ఆపినప్పుడు డిజిటల్ సిగ్నల్ ఎవరు మోయాలన్న గొడవలో అక్కడి పెద్ద ప్రైవేటు చానెళ్ళు దాదాపు మూడు వారాలు కనబడకుండా పోయాయి. డబ్బా కొన్నవాడికి చానెల్ లేదు, చానెల్‌కి చూసేవాడు లేడు.

బ్రెజిల్ మొదట్లో ఇందులో బోల్తాపడింది. డబ్బా చౌకగా దొరుకుతుందన్నారు, 2007లో అలా దొరకలేదు, మామూలు ఇళ్ళు కొనలేదు. తర్వాత నేర్చుకుంది. అనలాగ్ ఖాళీ చేసే 700 మెగాహెర్ట్జ్ పట్టీని 2014లో ఫోన్ కంపెనీలకి వేలం వేస్తూ, గెలిచినవాళ్ళు 360 కోట్ల బ్రెజిల్ రియాళ్ళు పెట్టి జనాన్ని డిజిటల్‌కి మార్చాలని షరతు పెట్టింది. పేదలకి డబ్బు సాయం చేసే బోల్సా ఫమీలియా పథకంలో ఉన్న కుటుంబాలకి డబ్బా, యాంటెనా ఉచితం. ఖాళీ అయిన స్థలంలో ఇల్లు కట్టుకునేవాడే పాత కాపురాన్ని వేరే చోటికి చేర్చాలన్నమాట, దీనికంటే న్యాయమైన లెక్క నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇంకో షరతు: ఊళ్ళో 93 శాతం ఇళ్ళకి డిజిటల్ అందేదాకా అనలాగ్ ఆపకూడదు. మొదటి ఊరు గోయాస్ రాష్ట్రంలో రియో వెర్దే. 2015 నవంబరు చివర్లో ఆపాలనుకున్నారు, ఆ శాతం అందలేదు, ఆపలేదు. 2016 మార్చి 1న ఆపారు. సావో పాలో 2017 మార్చిలో. తేదీ కోసం ఇళ్ళని తొందరపెట్టకుండా ఇళ్ళ కోసం తేదీని జరిపారు.

మరి మన దేశంలో ఏది?

కాగితం మీద యూరప్‌దే. దూరదర్శన్ 2003 ప్రాంతంలో నాలుగు మహానగరాల్లో డీవీబీ-టీ ప్రయోగాలు చేసింది, 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో ఫోన్లకి డాంగిల్ తగిలించుకుని చూసేలా టీ2 మొదలెట్టింది. ఆ 16లో హైదరాబాద్ లేదు, విజయవాడా విశాఖా లేవు. డాంగిల్ పెట్టుకుని టీవీ చూసినవాణ్ణి నేనైతే ఇంతవరకు కలవలేదు. 2021, 22ల్లో కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప అనలాగ్ టవర్లన్నీ ఆపేశారు, పెద్దగా ఎవరూ గమనించలేదు కూడా.

ఎందుకంటే మన జవాబు టవర్‌లో లేదు, ఆకాశంలో ఉంది. 1975లోనే అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి నేరుగా టీవీ చూపించాం, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత ప్రైవేటు చానెళ్ళ మోజులో కేబుల్ వైరు ప్రతి వీధిలోకీ వచ్చింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఇప్పటి ఫ్రీ డిష్ మొదలెట్టింది, నెల కిరాయి లేదు, డబ్బా ఏ దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు. పేదింటి టీవీ అన్న కోణంలో చూస్తే బ్రెజిల్ టవర్లతో చేసిన పని మనం గొడుగుతో చేశాం. పర్వతాలూ దూరాలూ ఎక్కువున్న దేశం ఏదైనా టవర్ల లెక్కకి ముందు ఈ లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. ఊళ్ళో వార్తలు ఊళ్ళోనే వేసుకోవడం మాత్రం ఉపగ్రహంతో కుదరని పని.

అందరికీ ఒకే స్టాండర్డ్ అయితే కేబుల్ మారినప్పుడు డబ్బా ఎందుకు మార్చాలి?

తాళం వల్ల. 2013 మార్చి 31 గడువుతో డబ్బా తప్పనిసరైన 38 నగరాల్లో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. అప్పుడు మా వీధి కేబుల్ అతను ఒక డబ్బా ఇచ్చాడు. ఇల్లు మారాం, అక్కడి కేబుల్ అతను ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మనది కాదు సార్" అన్నాడు. ఇప్పుడు మా అటక మీద అలాంటివి మూడున్నాయి, మూడూ డీవీబీ-సీ (యూరప్ వాళ్ళ కేబుల్) పద్ధతివే, విప్పి చూస్తే ట్యూనర్లూ ఒకలాంటివే. చానెళ్ళ తాళంచెవి మాత్రం ఎవరిది వారిది. ఏ ఆపరేటర్‌కైనా పనికొచ్చే డబ్బాలు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది. మా అటక అలాగే ఉంది. దక్షిణాఫ్రికాలో ఉచిత చానెళ్ళకి తాళం వద్దని మొత్తుకున్నవాళ్ళ బాధ ఆ అటక చూస్తే తెలుస్తుంది.

చిన్న దేశం మంత్రి వచ్చి అడిగితే ఏం చెబుతారు?

ముందు రెండు పక్క దేశాల్లో సంతకి వెళ్ళి ఏ డబ్బా ఎంతకి దొరుకుతోందో చూసి రమ్మంటాను, మంత్రిగారే వెళ్ళక్కర్లేదు. తర్వాత రాజధానిలో కాకుండా అద్దె ఇళ్ళున్న పేటలో, గది లోపల యాంటెనాతో ఓ నెల పరీక్ష పెట్టమంటాను. అప్పు ఇచ్చేవాళ్ళ కాగితంలో డబ్బాల డబ్బు ఎవరు పెడతారో రాసుందా అని చూడమంటాను. ఇంత చేశాక ఇప్పటికి ఎక్కువ చోట్ల జవాబు టీ2 అనే వస్తుంది, రాకపోతే మరీ మంచిది, కారణం తెలిసుంటుంది.

ఫోన్‌లో అన్నీ వస్తుంటే ఇంకా ఈ చర్చ ఎందుకు?

పది లక్షల మంది ఒకే క్రికెట్ మ్యాచ్‌ని ఇంటర్నెట్‌లో చూస్తే పది లక్షల సార్లు పంపాలి, టవర్ ఒక్కసారే పంపుతుంది, చూసేవాళ్ళు ఎంతమందైనా. అందుకే కథ మళ్ళీ మొదలైంది. మన దగ్గర ఐఐటీ కాన్పూర్, ప్రసార భారతి వాళ్ళు సిమ్మూ డేటా అక్కర్లేకుండా నేరుగా ఫోన్‌కి టీవీ పంపే డీ2ఎం ప్రయోగాలు చేస్తున్నారు, వాడుతున్నది ఏటీఎస్‌సీ 3.0. దానికి ఫోన్‌లో కొత్త చిప్ కావాలి. పాత ప్రశ్నే, డబ్బా బదులు చిప్: ఎవరు కొనాలి?

బ్రెజిల్ 2025 ఆగస్టులో టీవీ 3.0 అనే కొత్త తరం టీవీ డిక్రీ మీద సంతకం పెట్టింది, సంతకం మళ్ళీ లూలాదే. ఈసారి టవర్ నుంచి వచ్చే పద్ధతి ఏటీఎస్‌సీ 3.0. అవును, సావో పాలో గదుల్లో ఓడిపోయిన అమెరికా వాళ్ళదే. పేరు పాతదే గానీ లోపల సరుకు వేరు, వేల పాయల పద్ధతి ఇప్పుడు వాళ్ళదీ.

మా డాబా మీద పాత యాంటెనా ఉంది, పీకేయొచ్చా?

పీకడం మీ ఇష్టం. మా ఇంట్లో దాని కడ్డీకి బట్టల తాడు కట్టాం, ముప్పై ఏళ్ళయినా వంగలేదు.